తెల్లవారి నీళ్ళు, మునిమాపు దారాలు

ఇల్లు, పై అంతస్తు
వానలు మొదలైన వారం

బావా,

'మహారాజశ్రీ బావగారి సముఖానికి' అని మొదలుపెట్టి కొట్టేశాను. వంతెన కింద రేకుల షెడ్డులో, సిమెంటు బస్తా మీద కూర్చుని చదివే మనిషి అంత మర్యాద మొయ్యలేడు. ప్రెస్సులో పగలంతా ఊరివాళ్ళ తప్పులు దిద్ది ఇంటికొచ్చాక నా తప్పులు దిద్దుకునే ఓపిక నాకుండదు. కాబట్టి ఉన్నదున్నట్టు భరించండి.

మీ వంతెన పని శిబిరంలో ఫోను పలకదు కనక, సామాన్లతో పాటు నా ఉత్తరాలు కూడా మోస్తానని మీ కంపెనీ లారీ డ్రైవరు మామ ఒప్పుకున్నాడు. మంచివాడు. మెల్లిగా మాట్లాడినా హారన్ కొట్టినట్టుంటుంది, అంతే.

ఇక మీరు నా నెత్తిన పెట్టి వెళ్ళిన రాజ్యం సంగతి. వేసవిలో అక్క పోయాక ఆమె మిద్దెతోట ఎండిపోతుందని ఎదురుచూసిన వాళ్ళందరికీ నిరాశే. టమాటాలు బతికే ఉన్నాయి. వంకాయ మొక్కలు నన్ను చూసి మొహం తిప్పుకుంటున్నాయి గానీ కాపు ఆపలేదు. సొరపాదు పందిరెక్కింది. ట్యాంకు పక్క పుదీనా మాత్రం ఎవరి అనుమతీ లేకుండా పాకుతోంది. ఆ మొక్కలో మా వంశం పోలికలున్నాయి. ప్రతి ఇంటి తొక్కల బకెట్టూ పైకొస్తోంది, డ్రమ్ములో పడి ఎరువవుతోంది. 'తొక్కలు ఎక్కాలి, కూరలు దిగాలి, ఈ మేడ తిండి ఈ మేడే పండించుకోవాలి' అని అక్క పెట్టిన రాజ్యాంగం ఇంకా అమల్లోనే ఉంది. రోజూ పొద్దున్నే లేచి నీళ్ళు పోస్తున్నాను. నవ్వకండి.

ఒక చిక్కు వచ్చింది. మెట్ల దగ్గర గోడ చెమ్మగిల్లింది. మన కార్యదర్శి గారు, అదే, కింది అంతస్తు లెక్కల మాస్టారు, చేత్తో తడిమి చూసి తోట వల్లేనని తీర్పిచ్చారు. మళ్ళు, కుండీలు తీసేసి సిమెంటు పలకలు పరిపిస్తారట. తోట అనుమతి మీ పేరున ఉంది కనక వానాకాలం చివర్లో జరిగే మేడవాళ్ళ మీటింగుకి మీరు స్వయంగా వచ్చి పూచీ పడాలి. రాకపోతే ఆ మర్నాడే పలుగులతో పైకెక్కుతారు. 'ఇక ఆ తోటకి దిక్కెవరు నాయనా' అన్నారు. నేనున్నానన్నాను. నన్ను పైనుంచి కింది దాకా చూసి 'అదే అంటున్నాను' అన్నారు.

మేడ తలుపు పక్క మేకుకి ఉన్న అక్క పసుపు రెయిన్‌కోటు, దాని జేబులోని నీలం దారం ఉండ మీరు చెప్పినట్టే ముట్టుకోలేదు. వస్తారు కదూ.

మీ బామ్మర్ది

---

వంతెన శిబిరం

ఒరేయ్ కోతీ,

ఉత్తరం అందింది. తోట తీసెయ్యమను. నేను రాను. ఇక్కడ వంతెన ఇనుపతాళ్ళు బిగించే పని నడుస్తోంది, వదిలి రాకూడదు. పని లేకపోయినా రాను.

మేకుకున్నవి ముట్టుకోకు.

వేళకి తిను.

బావ

---

ఇల్లు
వాన పడీపడని నెల

బావా,

మీ ఉత్తరం చదవడం కంటే కవరు చింపడానికే ఎక్కువ సేపు పట్టింది. ఆ కవరు నిండా సిమెంటు దుమ్ము. దులిపితే చిన్న అరుగు కట్టుకోవచ్చు.

'తీసెయ్యమను' అన్న మాటని కార్యదర్శి గారికి చేరవెయ్యలేదు. నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. అక్కర్లేని మాటలు కొట్టెయ్యడం నా వృత్తిధర్మం.

పైగా ఇప్పుడు తోట కళకళలాడుతోంది. ఈసారి వానలు సాయంత్రం పూట ముక్కు తుడుచుకునేంతే పడుతున్నాయి, కుండీల గొంతు కూడా తడవడం లేదు. అయినా ఏ మొక్కా వాడలేదంటే అది నా కృషి. తెల్లవారకుండానే పైకెళ్ళి మొదళ్ళలో, ఆకు తడవకుండా, అక్క పోసినట్టే పోస్తున్నాను. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతున్నాను. కింద ఉండే టైలరమ్మ నిన్న మెట్ల మీద ఆగి 'మీ అక్క చెయ్యి వచ్చిందబ్బాయ్ నీకు' అంది. ఆవిడ మనిషిని మెచ్చుకోవడం ఆ మెట్లు మొదటిసారి వినుంటాయి.

సొరపిందెలు నిలుస్తున్నాయి. పందిరికి వరసగా వేలాడుతున్నాయి, పరీక్ష హాల్లో కుర్రాళ్ళలా, ఒకదాన్ని చూసి ఒకటి.

మొన్న ఈదురుగాలి వీచింది. పెద్ద నష్టమేమీ లేదు.

మీటింగుకి రండి. మిమ్మల్ని చూసి కూడా చాలా రోజులైంది. ఇది కొట్టెయ్యాల్సిన వాక్యం. వదిలేస్తున్నాను.

మీ బామ్మర్ది

---

వంతెన శిబిరం

ఒరేయ్ కోతీ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను.

తోట తీసెయ్యమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. తియ్యనివ్వకు. ఏదో ఒకటి చెప్పి ఆపు. మాటలకి నీకేం కరువు.

ఒకటి అడుగుతాను, వెటకారం లేకుండా జవాబు రాయి. సొరపిందెలు ఎలా నిలుస్తున్నాయి? మన మేడ ఎత్తుకి తేనెటీగలు రావు. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. మీ అక్క ఆ వేళకి పైకి వెళ్ళి, మగపువ్వు తెంపి ఆడపువ్వుకి అద్దేది. అద్దిన పువ్వు కాడకి గుర్తుగా నీలం దారం కట్టేది. కట్టాక ముడి మీద ఒకసారి ఊదేది. ఎందుకే అంటే చెప్పేది కాదు.

సాయంత్రాలు పైకి ఎవరు వెళ్తున్నారు? పువ్వులకి దారాలు ఎవరైనా కడుతున్నారా?

గాలికి ఉత్తరం మూల పందిరి కర్ర ఒరిగింది, అది నిలబెట్టు. ఎరువు డ్రమ్ము మూత మీద రాయి పెట్టు.

తల దువ్వుకుని ప్రెస్సుకి వెళ్ళు.

బావ

---

ఇల్లు
మబ్బు పట్టి పడని రోజులు

బావా,

వెటకారం లేకుండా రాయమన్నారు. కష్టమే, ప్రయత్నిస్తాను.

సాయంత్రాలు పైకి ఎవరూ వెళ్ళరు. నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికి చీకటి పడుతుంది. దారాలు ఎవరూ కట్టడం లేదు. మేకుకున్నవి మేకుకే ఉన్నాయి. పిందెలు వాటంతట అవే నిలుస్తున్నాయి. వాటికి ఆత్మాభిమానం ఎక్కువనుకుంటాను.

ఇది చెప్పాను కనక ఇంకొకటి చెబుతాను. దీనికి మీరు నన్ను తిట్టినా పడతాను. పొద్దున నీళ్ళు పోసేది నేను కాదు. మీరు వెళ్ళిన మొదటి రోజుల్లో పోశాను, ఒట్టు. తర్వాత మెలకువ రావడం మానేసింది. ఒకరోజు ఎండిపోయి ఉంటాయని భయపడుతూ ఎండెక్కాక పైకి పరుగెత్తాను. మడులన్నీ తడిగా ఉన్నాయి. రాత్రి వాన లేదు. మొదళ్ళే తడిశాయి, ఆకు మీద చుక్క లేదు. అలా పోసే మనిషి ఈ మేడలో ఒక్కతే ఉండేది.

ఎవరో ఇరుగుపొరుగువాళ్ళు అనుకున్నాను. టైలరమ్మని అడిగితే 'మోకాళ్ళతో అన్ని మెట్లెక్కి నీళ్ళు పొయ్యడానికి నాకేం పట్టింది' అంది. కార్యదర్శి గారిని అడగలేదు, అడిగితే ఆ నీళ్ళే గోడలోకి దిగాయంటారు. మర్నాడూ తడే. ఆ మర్నాడూ అంతే. దెయ్యమే అయినా బంగారంలాంటి దెయ్యం కదా అని పేరు మాత్రం నేను కొట్టేశాను. జీతం అడగదు, సెలవు పెట్టదు, పొగిడినప్పుడు అడ్డురాదు.

కానీ బావా, నవ్వు కొంతసేపే. నిన్న తెల్లవారుతుండగా మెలకువ వచ్చి, పడుకునే విన్నాను. పైన నా గది కప్పు మీద అడుగులు. ఆ చివర నుంచి ఈ చివరకి, ఒక్కో కుండీ దగ్గర ఆగుతూ. తొందర లేకుండా. లేచి వెళ్ళి చూడొచ్చు. మెట్లెన్ని ఉన్నాయి గనక. వెళ్ళలేదు. భయం వల్ల అనుకునేరు. వెళ్తే ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని. దుప్పటి నోట్లో కుక్కుకుని అలాగే విన్నాను.

మీ ఉత్తరం వచ్చాక డ్రమ్ము మూత మీద రాయి పెడదామని వెళ్ళాను. అప్పటికే రాయి ఉంది.

మీరు త్వరగా రండి. ఇద్దరం కలిసి భయపడదాం.

మీ బామ్మర్ది

---

వంతెన శిబిరం

ఒరేయ్,

పొద్దున పైకి వెళ్ళకు. చప్పుడు వినిపించినా వెళ్ళకు. దాని గురించి ఎవరికీ చెప్పకు.

సాయంత్రం ఎవరూ వెళ్ళరన్నావు. అది నిజమే కదా. నిజమైతే ఇక మీదట కూడా వెళ్ళకు. ఆ వేళ మేడ ఖాళీగా ఉండనీ.

ఆమెని విసిగించకు.

బావ

---

మేడ మీద, చుట్టిన పైపు కింద
మీటింగు ముందు వారం

బావా,

ఈ ఉత్తరం లారీ ఎక్కదు. పైపు చుట్ట కింద పెట్టి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో చుట్టి వెళ్తున్నాను. రేపు తెల్లవారి మీ చేతికి అందుతుంది. పోస్టల్ శాఖ చరిత్రలో ఇంత దగ్గరి బట్వాడా జరిగి ఉండదు.

మీరు ఎలా దొరికారో చెబుతాను. మొన్న ఆదివారం ఎండలో పైకి వెళ్ళాను. ఇన్నాళ్ళూ నేను పట్టించుకోని పైపు ఎనిమిది అంకెలా మడిచి, కొస లోపలికి దోపి, నేల మీద బుద్ధిగా కూర్చుని ఉంది. దాన్ని చూసి అక్కడే చతికిలబడి నవ్వాను. తర్వాత నవ్వు వేరేగా మారింది. అది మీకెందుకు లెండి.

అక్క ఎప్పుడైనా పైపు చుట్టిందా బావా? పోసినంత సేపు పోసి, ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ పడేసి వచ్చేది. మీరు వెనకాలే వెళ్ళి, వంతెన ఇనుపతాళ్ళు చుట్టినట్టు ఎనిమిది అంకె వేసి, 'ఇలా చుడితే మెలిక పడదు' అని పాఠం చెప్పేవారు. 'ఇది పైపండీ, వంతెన కాదు' అనేది. మీ కాపురంలో జరిగిన యుద్ధాలన్నీ ఆ పైపు దగ్గరే మొదలయ్యాయి. అక్క దెయ్యమై వచ్చి తోటకి నీళ్ళు పోస్తోందంటే నమ్మాను. పైపు చుట్టిందంటే నమ్మను.

ఆ తర్వాత మిగతావి వాటంతట అవే కలిశాయి. ఉత్తరం మూల కర్ర ఒరిగిందని నేను మీకు రాయలేదు. గాలి వీచిందని మాత్రమే రాశాను. మీ మొదటి కవరు నిండా సిమెంటు దుమ్ము, తర్వాతివి ఇస్త్రీ చేసినంత శుభ్రం. డ్రైవరు మామని 'శిబిరంలో బావ ఎలా ఉన్నారు' అని అడిగాను. 'ఏ శిబిరం బాబూ, నది పొంగి... ఆఁ, ఉన్నారు, బాగానే ఉన్నారు' అన్నాడు. ఆయన అబద్ధమాడుతుంటే లారీ రివర్సులో కొండెక్కుతున్నట్టుంది. వెనక ఇనుప మెట్ల తలుపు తాళంచెవి మీ దగ్గర ఉండిపోయిందని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

కోపం లేదు. ఎక్కడున్నారో, ఎందుకు దాక్కున్నారో కూడా చెప్పక్కర్లేదు. మీటింగు ఆదివారం. మీరు గనక తెల్లవారి వచ్చే మెట్ల మీదే కాస్త ఎండెక్కాక వచ్చి, 'ఈ తోటకి నాదీ పూచీ' అనే ఒక్క మాట అంటే చాలు. అనకపోతే సోమవారం మీరు నీళ్ళు పొయ్యడానికి ఏమీ ఉండదు.

జవాబు ఇక్కడే పెట్టండి. దెయ్యాలకి చిల్లర ఖర్చు ఎందుకు.

మీ బామ్మర్ది

---

ఎదురు మేడ, పై గది

ఒరేయ్ కోతీ,

పట్టుకున్నావు. సరే.

ఎగువ వానలకి నది పొంగి పని ఆగిపోయింది. అందరూ ఇళ్ళకి పోయారు. నేనూ బయల్దేరాను. మన వీధి మలుపు తిరిగాను, గేటు దాకా వచ్చాను. బెల్లు కొడితే తలుపు నువ్వు తీస్తావని గుర్తొచ్చింది. నీ తప్పు కాదురా. ఆ తలుపు ఆమె కాక వేరే ఎవరు తీసినా నేను లోపలికి రాలేను. వెనక్కి తిరిగాను. ఎదురు మేడ మీద గది ఖాళీగా ఉందంటే ఒక్కరోజుకని తీసుకున్నాను.

ఆ సాయంత్రం కిటికీ తెరిచాను. మన మేడ మీద పసుపు కోటు కనిపించింది.

నువ్వు నవ్వినా సరే రాస్తాను. తుంపర పడుతోంది. కోటు టోపీ ముందుకి లాక్కుని, ఎడమ చెయ్యి నడుము మీద పెట్టుకుని, పందిరి కింద వంగి ఉంది. అలా వంగడం నేనెన్నేళ్ళు చూశాను. ఒక పువ్వు దగ్గర ఆగింది. చేతులు కదిలాయి. తర్వాత తల వంచి ఊదింది.

ఇంత దూరం నుంచి అది కనపడదంటావు. నాకు కనపడింది.

మర్నాడు తెల్లవారకుండా వెనక మెట్ల మీద పైకి వచ్చాను. పువ్వు కాడకి నీలం దారం, ఆమె వేసే ముడే, కొస లాగితే ఊడేది. మడులు ఎండి ఉన్నాయి. ఆమె సాయంత్రం పని చేసి వెళ్ళింది, నీళ్ళు నాకు వదిలింది అనుకున్నాను. పోశాను. అప్పటి నుంచి రోజూ అంతే. సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుంటాను. వచ్చిన రోజు వస్తుంది, రాని రోజు రాదు. ఇలాగైనా ఒక ఇంట్లో ఉన్నట్టే ఉంది.

నిన్ను అందుకే అడిగాను. పొద్దున నీళ్ళు పోస్తున్నానన్నావు. పోసేది నేనే కనక అది అబద్ధమని నాకు తెలుసు. సాయంత్రం పైకి ఎవరూ వెళ్ళరన్నావు. అది నిజమని నమ్మాలనిపించింది. నమ్మాను.

మీటింగుకి రాలేను. వస్తే అందరూ 'పోయిన ఆవిడ' అంటారు. ఆ మాట విన్నాక మళ్ళీ ఆ కిటికీ దగ్గర కూర్చోలేను. తోటని నువ్వే ఎలాగో నిలబెట్టు. ఇంకేమీ అడగను.

సాయంత్రం మాత్రం పైకి వెళ్ళకు. నువ్వు వెళ్తే ఆమె రాదేమో.

బావ

---

మేడ మీద, పైపు కింద
శుక్రవారం

బావా,

ఈ ఉత్తరంలో హాస్యం లేదు. వెతక్కండి.

మీ ఉత్తరం చదివి ప్రెస్సుకి వెళ్ళలేదు. పొద్దుటి నుంచి ఇది ఎలా రాయాలా అని కూర్చున్నాను. రాయకుండా ఉండిపోదామని కూడా అనుకున్నాను. నేను నోరు మూసుకుని రోజూ సాయంత్రం ఒక గంట పైకి వెళ్తే మీకు అక్క ఉంటుంది. అది నా వల్ల కాని పని కాదు. ఎన్నాళ్ళయినా చెయ్యగలను. కానీ మీరు మీటింగుకి రాకపోతే సోమవారానికి పందిరి ఉండదు, పందిరి లేకపోతే ఆమె ఎక్కడికి వచ్చినట్టు? ఇంకోటి కూడా ఉంది. మీరు వీధికి అవతల కూర్చుని నన్ను చూస్తూ, నేను వీధికి ఇవతల పడుకుని మీ అడుగులు వింటూ, ఎన్నాళ్ళు?

కోటులో ఉన్నది నేను.

మీరు ముట్టుకోవద్దన్న వారమే ముట్టుకున్నాను. సాయంత్రం పైన దోమలు, తుంపర. మొదటి రోజు అందుకే వేసుకున్నాను. రెండో రోజు దోమలు లేవు, తుంపరా లేదు. అయినా వేసుకున్నాను. జేబులో చెయ్యి పెడితే దారం ఉండ, ఎండిన ఆకు, సగం తిని చుట్టి పెట్టిన పిప్పరమెంటు బిళ్ళ ఉన్నాయి. తీసి పారెయ్యలేదు. ఇవి మీకు చెబితే బాధపడతారని, సాయంత్రాలు వెళ్ళనని రాశాను. ఆ ఒక్క అబద్ధం మీ మీద ఇలా పనిచేస్తుందని అనుకోలేదు.

ఊదడం ఎవరు నేర్పారని అడుగుతారు. అక్కే. ఆసుపత్రిలో. మీరు మందులకి కిందికి వెళ్ళినప్పుడు దుప్పటి అంచు నుంచి పోగు లాగి, నా చూపుడువేలు పువ్వు కాడ అనుకోమని, ముడి వేసి, ఊది చూపించింది. ఎందుకూ ఊదడం అన్నాను. 'ముడి గట్టిగా పడిందో లేదో కదిలించి చూడటానికి. ఇంకేమనుకున్నావు, మంత్రమనుకున్నావా' అంది. నేను అదే అనుకున్నాను. తర్వాత అంది, 'ఇది మీ బావకి నేర్పకు. ఇనుపతాళ్ళు కట్టే చెయ్యి. ఆయన ముడేస్తే పువ్వు ఊడి చేతికొస్తుంది.'

ఆ వేలి మీది పోగు చాలా రోజులు విప్పలేదు. స్నానాలకి అదే తెగిపోయింది.

నడుము మీద ఎడమ చెయ్యి పెట్టుకుంటానని నాకు తెలీదు. మా ఇద్దరికీ అమ్మ నుంచి వచ్చి ఉంటుంది.

ఈ సాయంత్రం కోటు వేసుకుని పైకి వస్తాను. పందిరి దగ్గర నిలబడి, మీ కిటికీ వైపు తిరిగి, టోపీ వెనక్కి తోస్తాను. మీరు చూడకపోయినా నేను నిలబడతాను. చీకటి పడేదాకా ఉంటాను.

ఆమెని నేను తీసుకుపోతున్నానని అనుకోకండి బావా. నా దగ్గర కూడా ఉన్నది ఆ కోటే.

మీ బామ్మర్ది

---

ఎదురు మేడ
శనివారం తెల్లవారి

ఒరేయ్,

నువ్వు టోపీ మీద చెయ్యి వెయ్యగానే కళ్ళు మూసుకున్నాను. చాలాసేపు మూసుకునే ఉన్నాను. అప్పటిదాకా ఆమె ఉంది. అంతే, అక్కడిదాకా.

తెరిచేసరికి వాన పెద్దదైంది. నువ్వు అలాగే నిలబడి ఉన్నావు, నెత్తి తడుస్తూ, బుద్ధి లేకుండా. నీ జుట్టు తడిస్తే ఆమె జుట్టులాగే ఉంగరాలు తిరుగుతుందని ఇన్నాళ్ళూ చూడలేదు. నిన్ను సరిగ్గా ఎప్పుడు చూశాను గనక.

కిందికి దిగమని ఇక్కణ్ణించి అరిచాను. నీకు వినపడలేదు. వీధిలో ఎవరో తల ఎత్తి చూశారు.

నీళ్ళు పోశాను. పైపు చుట్టాను. నువ్వు ఏమన్నా అనుకో, అలాగే చుట్టాలి.

తల తుడుచుకో. జ్వరం తెచ్చుకుంటే చూసేవాళ్ళెవరు.

మీటింగు ఎన్నింటికి?

బావ

---

వంటింటి నుంచి, పక్క గదికి
వానలు వెనక్కి తగ్గాక

బావా,

మీరు ఇంటికొచ్చినప్పటి నుంచి మీ నోటి నుంచి వచ్చిన మాటలు 'ఉప్పు', 'తలుపు', 'దువ్వుకో'. ప్రూఫులు దిద్దేవాడికి ఇంత తక్కువ పని ఎవరూ ఇవ్వలేదు. ఉత్తరాల్లోనే మీరు కాస్త మనిషిలా ఉంటారు కనక, గోడ అవతల ఉన్న మీకు ఇది రాసి తలుపు కిందినుంచి తోస్తున్నాను. చదివాక బయటికి రండి, కంచం పెట్టాను.

మీటింగు గురించి మీకు చెప్పాల్సిన పని లేదు, మీరే ఉన్నారు. కానీ మీరు నేల చూపులు చూస్తూ ఉండటం వల్ల చాలా పోగొట్టుకున్నారు. కార్యదర్శి గారు 'పోయిన ఆవిడ' అన్నప్పుడు మీరు గ్లాసెత్తి నీళ్ళు తాగారు చూడండి, అది ఖాళీ గ్లాసు. మీరు తప్ప అందరూ చూశారు. టైలరమ్మ ఆ గ్లాసు మీ చేతిలోంచి తీసుకుని నింపి పెట్టింది. ఆ తర్వాత ఆ మాట ఎవరూ మళ్ళీ అనలేదు. మీరు మెట్ల దగ్గరికి వెళ్ళి, గోడకి చెయ్యి ఆనించి, పైకెక్కి, ట్యాంకు కింద పడుకుని చూసి, 'చెమ్మ ఇక్కణ్ణించే దిగుతోంది, ఇటువైపు మడి తీసేస్తాను, మిగతావాటికి నాదీ పూచీ' అన్నప్పుడు మాస్టారి మొహం, తెలిసిన లెక్క తప్పిన కుర్రాడి మొహంలా ఉంది.

తియ్యాల్సింది పుదీనా మడే అవుతుందని నేను అనుకోలేదు. అక్క మొదట వేసింది అదే. మీరు పలుగు పట్టుకుని నిలబడి మొదటి దెబ్బ వెయ్యలేకపోవడం చూసి, నేను వెయ్యబోయి, నేనూ వెయ్యలేక, ఇద్దరం మర్యాదకి మీరంటే మీరని నిలబడిపోతే, టైలరమ్మ మోకాళ్ళు పట్టుకుని అంత ఎత్తూ ఎక్కి వచ్చి 'నాకో కొమ్మ ఇవ్వండి, కిటికీలో పెట్టుకుంటా' అంది. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఇప్పుడు ప్రతి అంతస్తు కిటికీలో పుదీనా ఉంది. మెట్లెక్కుతుంటే ఒక్కో మలుపులో ఆ వాసన ఎదురొస్తోంది. మొన్న చీకట్లో ఎక్కుతూ రెండో మలుపులో ఆగిపోయాను. అక్క పని ముగించి, చేతులు తుడుచుకుంటూ, ఇప్పుడే నన్ను దాటి కిందికి దిగినట్టే ఉంది. మీరూ అక్కడే ఆగుతారని గమనించాను. ఆ మలుపులో మీ చెయ్యి పట్టిన గుర్తు గోడ మీద పడింది.

ఇక నిన్న సాయంత్రం. కోటు మేకుకే ఉంది, మనమిద్దరం ముట్టుకోలేదు. నేను దారం ఇచ్చాను. మీరు ముడి వేశారు. పువ్వు ఊడి చేతికొచ్చింది. మీరు దాన్ని అరచేతిలో పెట్టుకుని అలా చూస్తుంటే నాకు నవ్వాపుకోలేక కళ్ళ నీళ్ళొచ్చాయి. నవ్వుకే అని మీరు అనుకుంటే చాలు. రెండోది నిలిచింది. మీరు వంగి దాని మీద ఊదారు. ఎందుకని నేను అడగలేదు.

దిగబోతూ ఎదురు మేడ వైపు చూశాను. మీరు ఖాళీ చేసిన గది. దీపం లేదు. కిటికీ రెక్క ఒకటి ఎవరూ వెయ్యక తెరుచుకునే ఉంది. అక్కడినుంచి చూస్తే మన తోట ఎలా ఉంటుందో మీకు తెలుసు, నాకు తెలీదు. అయినా ఎందుకో చెయ్యి ఊపాను. పిచ్చివాడని తిడతారేమోనని పక్కకి తిరిగి చూశాను.

మీ చెయ్యి నాకంటే ముందే లేచి ఉంది.

మీ బామ్మర్ది